కూసునుడు కూలి

పొద్దున ఏడు గంటలకు గడియారం కాడ
కూలి అడ్డా మీద నిలబడ్డ.
ఇరవై రెండేండ్లయింది
మనిషిని చూసి మనిషిని గీసి.
బళ్లె పిల్లలకు జామకాయ, జెండా, కుండ,
మళ్ల జామకాయ.
జామకాయ కదలదు, కూలి అడగదు,
గీసింది తన లెక్క లేదని అనదు.
పోయిన నెల నల్లబోర్డు మీద
అది కూడ వంకరొచ్చింది.
భయమైంది.

"ఏం పనమ్మా? స్లాబా, ప్లాస్టరా?"
నా చుట్టూ పది టిఫిన్ డబ్బాలు.
"కూసునుడు" అన్న.
నవ్విండ్రు. ఒకాయన పక్కకు పోయి బీడీ ముట్టిచ్చిండు.
మన్నెమ్మ ఒక్కతే అడిగింది:
"ఎంతసేపు? నీడనా, ఎండనా?"

మెట్టుగడ్డల మూడో అంతస్తు, రేకుల గది.
ఆమె స్టూలు మీద కూసున్నది.
నేను బొగ్గుపుల్ల పట్టుకున్న.
ఎవరి చెయ్యో అది, నాది కాదు.
భుజం గీస్తే జామకాయ వచ్చింది.

ఆమె కూడ కుదురుగ లేదు.
మోకాలు ఊపుతది, కొంగు సవరిస్తది,
కిటికీ అవతల లేస్తున్న ఇంటి దిక్కు చూసి
"ఆ పిల్లరు వంకర పోయింది" అంటది.
పది నిమిషాలకు నిద్రపోయింది.
ఉలిక్కిపడి లేచి "మేస్త్రీ..." అని,
నన్ను చూసి నాలుక కర్సుకున్నది.

"కూసుంటె ఒళ్లు నా మాట ఇనదమ్మా.
నిలబడనియ్యి."
మూలకున్న నా బట్టల తట్ట ఒంపి
తువ్వాలను సుట్టబట్ట చేసి
ఖాళీ తట్టను నెత్తికెత్తుకున్నది.

అంతే.
మెడ ఎక్కడికి పోవాల్నో అక్కడికి పోయింది.
నడుము కొద్దిగ జరిగి
బరువంత ఎడమ మడిమె మీద దిగింది.
ఏ బరువు?
తట్టల ఒక్క రవిక మిగిలుండె, మడత కూడ వెయ్యంది.
అయినా మెడ నరాలు తాళ్లలెక్క లేచినయి.
నలభై నిమిషాలు
రెప్పలు తప్ప ఏదీ ఆడలే.

ఒక కన్ను మూసి, చెయ్యి చాపి,
పుల్లను నిలువుగ పట్టి
గదువ నుంచి మడిమె దాంక సూటి చూస్తుంటె
కదలకుండనే అన్నది:
"తూకం గుండు లేదా నీ కాడ?
చేతి అందాజుకు గోడ లేపుతరా ఎవరన్న?"

దారానికి తాళంచెవి కట్టి
రేకుల కింది పైపుకు వేలాడదీసిన.
ఊగింది, ఊగింది, ఆగింది.
ఆ దారం పక్కన చూస్తే
నా కాగితం మీది మన్నెమ్మ
రెండు వేళ్లంత పక్కకు పడిపోతున్నది.
చెరిపిన. మళ్ల లేపిన.
ఈసారి నిలబడ్డది.

పగటి పూట డబ్బా విప్పింది.
జొన్నరొట్టె, పుంటికూర.
సగం రొట్టె చేతుల పట్టుకొనే వచ్చి బొమ్మ ముందర నిలబడ్డది.
ముక్కును ఏమనలే, ముడతలను ఏమనలే.
వేలు కిందికి చూపించింది.
"ఐదెందుకేసినవ్?"

అప్పుడు చూసిన
మూడు గంటల సంది చూస్తున్న కాలును.
నాలుగే.
చిటికెన వేలు ఉండాల్సిన కాడ
నున్నటి, మెరిసే తోలు.
"పుణెల. సెంట్రింగు పలక పడ్డది."
రొట్టె ఇంకో తునక తుంచుకున్నది.

"తెలిసింది గీయకు, కనబడ్డది గీయి" అని
కాలేజీల మా సారు
బొగ్గు మరకల వేలితో నా కాగితం మీద కొట్టేటోడు.
మనిషికి ఐదని నాకు తెలుసు.
తెలుసు గనుకనే గీసిన.

ఉండనిద్దామా అని ఒక్క గడియ అనుకున్న,
కాగితం మీదనన్న నిండుగ ఉండనీ అని.
నా మొఖం చూసి పసిగట్టిందో ఏమో,
"తుడువు" అన్నది.
"తప్పు కొలత తప్పే గద.
మా మేస్త్రైతె గోడంత పీకిస్తుండె."

తుడిచిన.
ఒక మసక మాత్రం
రబ్బరుకు పోలే.

పొద్దూకినంక పైసలు రెండుసార్లు లెక్కవెట్టుకొని
మెట్ల కాడ ఆగింది.
"రేపు గూడ ఉంటదా పని?"
"ఉంటది."
"నిలబడుడైతె ఇదే కూలి.
కూసునుడైతె వంద ఎక్కువియ్యాలె.
అది నాకు రాని పని,
కొత్తగ నేర్సుకోవాలె."